ఉమ్మడి పెట్టె

లాభం లేకుండా చేతులు మారే సరుకు లోకంలో ఉండదని గంగారత్నం నమ్మకం. గుడిలో ప్రసాదానికి కూడా ఒక లెక్క ఉంది: పెట్టినవాడికి పుణ్యం, తిన్నవాడికి రుచి. అందుకే ఆ మంగళవారం పొద్దున లక్ష్మీదుర్గ ఆవిడ కార్గో దుకాణంలోకి వచ్చి, తామొక పుస్తకం వేస్తున్నామనీ, అందులో ఎవరికీ ఏమీ మిగలదనీ చెప్పినప్పుడు, ఆవిడ పెట్టెకు టేపు వేస్తున్న చెయ్యి ఆపకుండానే అడిగింది.

"మరి ఎందుకమ్మా వెయ్యడం?"

లక్ష్మీదుర్గ నవ్వింది. ఆ పిల్లది అమలాపురం. కువైట్ సిటీలో ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసు లేని పూటల్లో 'ముగ్గుపిండి' అనే సంస్థకు ఊరికే పని చేసిపెడుతుంది. తిరుపతిలో కొందరు ఆడవాళ్లు కలిసి నడుపుకునే ప్రచురణ సంస్థ అది. ఆడవాళ్లు రాసినవి, రాయడం రానివాళ్లు చెప్పినవి వేస్తారు. కాగితానికీ సిరాకూ ఎంతయితే అంతే వెల. ఇప్పుడు కువైట్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఫోనులో మాటలుగా చెప్పి పంపిన బతుకులు పుస్తకంగా వస్తున్నాయి. అయితే ఆ సంస్థకు ఒక పద్ధతి ఉంది. ఎవరి మాట వాళ్లకు ఎదురుగా కూర్చుని పైకి చదివి వినిపించాలి. విన్న మనిషి సరేనంటేనే అచ్చు. ఒక్క ముక్క కాదన్నా ఆగిపోవాల్సిందే.

శుక్రవారం సెలవు దొరికిన ఆడవాళ్లంతా ఎలాగూ ఈ దుకాణానికే వస్తారు. ఆ చదివేదేదో ఇక్కడ చదవనివ్వమని లక్ష్మీదుర్గ అడుగుతోంది.

గంగారత్నం ఒక్క క్షణం ఆలోచించింది. కువైట్ సిటీలోనే బ్నీద్ అల్ గార్ పేటలో రెండు సందులు కలిసే మూల ఆ దుకాణం. నేల మీద ఇనప కాటా, గోడవారగా మడిచి నిలబెట్టిన అట్టపెట్టెలు, అటక మీద తాళ్ల చుట్టలు. నెలల తరబడి ఒక్కొక్కటిగా కొని మంచం కింద దాచుకున్న పాలపొడి డబ్బాలు, సబ్బులు, దుప్పట్లు తెచ్చి ఆడవాళ్లు ఇక్కడ పోస్తే, ఆవిడ పెట్టె కట్టి వాళ్ల ఊళ్లకు పంపుతుంది. గాజు సామాను చుట్టూ దుప్పటి, డబ్బాల సందుల్లో సాక్సులు, మూలల్లో సబ్బులు. కట్టాక ఊపి చూస్తే లోపల చప్పుడు రాకూడదు. ఆ తరవాత మార్కరు తీస్తుంది. పెట్టె మూత మీద టు అనీ ఫ్రమ్ అనీ ముందే అచ్చు వేసి ఉంటుంది. టు ఎదురుగా మొగుడి పేరో, తమ్ముడి పేరో, కొడుకు పేరో పెద్దక్షరాల్లో రాస్తుంది. అక్కడి లారీవాడికి దూరం నించే కనబడాలి కదా. ఫ్రమ్ ఎదురుగా పంపిన మనిషి పేరు మిగిలిన చోట పట్టినంత.

వినడానికి వచ్చినవాళ్లు వట్టిగా కూర్చోరు. ఇంకో సబ్బుల కట్ట గుర్తొస్తుంది, పెట్టె ఇంకాస్త పెద్దదవుతుంది. పైగా ఎండలో బయట నిలబడే బదులు ఏసీలో కూర్చోబెట్టిన దుకాణాన్ని మరిచిపోరు. లెక్క కుదిరింది.

"కాటాకి మాత్రం అడ్డం రాకూడదు," అంది.

"రాము పిన్నిగారండీ," అంది లక్ష్మీదుర్గ.

భర్త భీమేశ్వరరావు సాయంత్రం అల్ రాయ్ గోడౌన్ నించి వచ్చి సంగతి విని, కార్గో దుకాణంలో పురాణ కాలక్షేపం మొదలెట్టావా అని వేళాకోళం చేశాడు. పురాణానికి వచ్చినవాళ్లే కదండీ పెట్టెలు కట్టించుకునేది అని ఆవిడ తేలిగ్గా కొట్టిపారేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం అయిదారుగురు వచ్చారు. ముందు మహబూబ్ బీ, పెద్ద ఇంట్లో వంటమనిషి, కడప. వస్తూనే కాటా ఎక్కి నిలబడి, "నన్నే పెట్టెలో ఏసి పంపీ రత్నమ్మక్కా, ఎంతవుతుందో చూడు," అంది. నీ నోటికి వేరే పెట్టె కావాలంది గంగారత్నం. తరవాత సంజీవమ్మ, కళావతి కలిసి వచ్చారు. ఇద్దరివీ రాయచోటి పక్క పల్లెలు. ఏ ఒక్కరి సామానుకీ పెట్టె నిండదు గనక ఇద్దరూ ఉమ్మడి పెట్టె కట్టించుకుంటారు. సంజీవమ్మ తన వస్తువులకు ఎర్ర దారం ముడేసి తెస్తుంది, కళావతి పచ్చ దారం. పైన మూత మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. లోపల ఏది ఎవరిదో ఆ దారాలు తెలిసిన ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

లక్ష్మీదుర్గ నేల మీదే, మడిచిన అట్టల మీద కూర్చుంది. మొదట మహబూబ్ బీ చెప్పింది చదివింది. రంజాన్ నెలలో ఇంటికి వచ్చే చుట్టాలకు హరీస్ వండి వండి చేతికి గరిటె అతుక్కుపోయిన కథ. మహబూబ్ బీ తన మాటలకు తనే ముందుగా నవ్వుతూ, మధ్యలో పక్కవాళ్లను పొడుస్తూ విన్నది. అంతా అయ్యాక ఈ ముసల్దానికి నోరెక్కువే అని తీర్పు చెప్పి, ఖలాస్, వేసుకోమంది.

గంగారత్నం వింటూనే పెట్టె సర్దుతోంది. పుస్తకం భాష అంటే ఆవిడకు ఒక అంచనా ఉంది. బడిలో చదివిన పుస్తకాల్లో మనుషులు మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడరు. కానీ లక్ష్మీదుర్గ నోట్లోంచి కడప మాట అచ్చంగా వస్తోంది. ఎక్కడా దిద్దలేదు. దిద్దితే తూకం తగ్గుతుందని తిరుపతిలో వాళ్లకు ఎవరు చెప్పారో.

"ఇప్పుడు సంజీవమ్మగారిది," అంది లక్ష్మీదుర్గ.

సంజీవమ్మ కొంగు సవరించుకుని, పాలపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి ఎవరో చుట్టాలొస్తే నిలబడాలా కూర్చోవాలా అని తెలియని మనిషిలా ఉంది.

లక్ష్మీదుర్గ చదివింది.

"ఆ ఇంటికి పోయేదాకా నాకు పేరుండె. గడప దాటినాక లేదు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నన్ను చూసి కుసుమా అనింది. కుసుమ నాకంటే ముందు పనిచేసి పోయిన శ్రీలంకామె. పిలకాయలకు ఆ పేరు అలవాటయిపోయిందంట. కొత్త పేరంటే వాళ్లకు కష్టమంట. నాకు కష్టమని ఎవురూ అనుకోలే. నేనూ అనుకోలే. వచ్చింది పనికి గదా, పేరుకి కాదు గదా అనుకున్యా."

కళావతి తన కొడుక్కి కొన్న చెప్పులు పెట్టెలో పెట్టబోయి ఆగింది.

"మామా వాళ్లమ్మ ముసలామె. కండ్లు లేవు. మొదటి పొద్దు నూనె రాసేదానికి చెయ్యి పట్టుకుంటే, ఆమె నా చెయ్యి ఇట్ల తడిమి చూసింది. ఇది కుసుమ చెయ్యి కాదు, నువ్వెవురు అనింది. నాకు అప్పుటికి అరబ్బీ రాదు. అయినా అర్థమయింది. ఆ ఇంట్లో కండ్లుండేవాళ్లు ఎంతమందో. అడిగింది ఆమె ఒకతే."

గంగారత్నం చేతిలో టేపు చుట్ట ఉంది. దాని కొస లాగితే పెద్ద చప్పుడవుతుంది. లాగలేదు.

సంజీవమ్మ కుడిచెయ్యి తనంతట తానే కదులుతోంది. లక్ష్మీదుర్గ చదువుతున్న మాటకు తగ్గట్టు, ఎడమ చేతి వేళ్లను ఒక్కొక్కటిగా తడుముతోంది. ముసలామె తడిమినట్టే కాబోలు. ఆమె చూపు చదివే మనిషి మీద లేదు, ఆ కాగితం మీద ఉంది. ఎప్పుడో ఫోనులోకి, బాత్రూములో కుళాయి తిప్పుకుని, మామాకు వినబడకుండా చెప్పిన మాటలు. అవి సముద్రం దాటి వెళ్లి, ఎవరో కూర్చుని రాసి, మళ్లీ సముద్రం దాటి ఒక్కటీ పగలకుండా ఆమె ముందుకు వచ్చాయి. ఇన్నేళ్ల కార్గోలో గంగారత్నం అలాంటి పార్సెల్ చూడలేదు.

"మా యమ్మ చచ్చిపోయిన సంగతి నాకు దినాలు అయిపోయినాక తెలిసింది. ఫోను మామా బీరువాలో ఉండె. కొత్తలో అట్లే పెట్టుకుంటారు. ఆ పొద్దు కూడా ముసలామెకు నూనె రాసినా. ఏడ్చలే. ఆమె నా చెయ్యి పట్టుకోని, ఈ పొద్దు నీ చెయ్యి బరువుగా ఉండాది, ఎవురు పోయినారు అనింది."

ఆ తరవాత కొంచెమే ఉంది. ముసలామె ఒకతే తన అసలు పేరు అడిగి, నోరు తిరిగినంత మేర ఆ పేరుతోనే పిలిచేదని, ఆమె పోయాక ఆ ఇంట్లో మళ్లీ అందరికీ కుసుమే అయిందని. లక్ష్మీదుర్గ కాగితాలు దించింది.

 బయట ఎవరో కారు హారన్ కొట్టారు. కళావతి తల తిప్పి అందరినీ ఒకసారి చూసి, నిజంగానే తెలియక అడిగింది.

"నా కత వీళ్లకు ఎవురు చెప్పినారు?"

కళావతి పనిచేసే ఇంట్లో ఆమె పేరు మేరీ. కళ్లు కనబడని ముసలామె వాళ్లింట్లోనూ ఉంది, కాకపోతే ఇంకా బతికే ఉంది. వెనక నిలబడిన ఇంకొకామె తననూ ముందు మనిషి పేరుతోనే పిలుస్తారని చెప్పింది. ఆ పేరు ఎవరిదో, ఆ మనిషి ఎక్కడిదో కూడా తనకు తెలియదంది.

"అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయా సంజీవమ్మగారూ?" అని అడిగింది లక్ష్మీదుర్గ.

"నేను చెప్పినట్టే ఉండాది," అంది సంజీవమ్మ. వేలితో కాగితం అడుగు చూపించింది. "కింద ఇంకేందో ఉండాది. సదవలేదు నువ్వు."

లక్ష్మీదుర్గ కాస్త తటపటాయించి చదివింది. "చెప్పినవారు, సుజాత."

"సుజాత ఎవురు?"

అప్పుడు లక్ష్మీదుర్గ విడమరిచి చెప్పింది. మామాకు తెలిస్తే ఇబ్బంది కదా అని తిరుపతిలో వాళ్లే అందరికీ పేర్లు మార్చారు. మంచికే. ఇక్కడ పుస్తకం చదివేది మన తెలుగువాళ్లే, ఆ నోటా ఈ నోటా పాకుతుంది. సంజీవమ్మ పనిచేసే ఇంటి డ్రైవరు ఓబులేసు మనవాడే, వాడికి తెలిస్తే సాయంత్రానికి మామా చెవిన పడుతుంది.

సంజీవమ్మ అంతా విన్నది. ఒళ్లో డబ్బాను పక్కన పెట్టింది.

"ఈడ గూడా మార్చినారా?"

గట్టిగా అనలేదు. లక్ష్మీదుర్గ చేతిలో కాగితాలు బోర్లించింది.

ఇలాంటి చోట మాట అందుకోవడం గంగారత్నానికి అలవాటు. బేరం తెగిపోతున్నప్పుడు మధ్యలోకి వెళ్లడమే ఆవిడ పని. కాటాలో ఇటు ఏముందో చూసుకోమంది. ఊళ్లో మిద్దెకు స్లాబు పడాలి. మామా కోపమొచ్చి ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా రద్దు చేయించి విమానం ఎక్కిస్తే గోడలు వానకు నానుతాయి. ఆ ఇంట్లో నువ్వు పెంచిన చంటిపిల్ల ఉంది, దానికి నువ్వు లేకపోతే ముద్ద దిగదు. అటు పక్క ఏముంది? నాలుగు అక్షరాలు. అవి తింటామా, కడతామా? ఆ ఇంట్లో ఇన్నేళ్లు కుసుమవై ఉన్నావు, పుస్తకంలో సుజాతవైతే ఏం తరిగిపోతుంది?

లెక్క తిరుగులేనిది. మహబూబ్ బీ కూడా తలాడించింది.

"ఆ ఇంట్లో వాళ్లు పెట్టినారు, పడినాను," అంది సంజీవమ్మ. "ఇది నా నోటితో చెప్పింది గదక్కా. ఇంకొకామె పేరుతో అచ్చేస్తే ఇది గూడా కుసుమదే అయిపోతుంది. వద్దని చెప్పు ఆ తిరపతోళ్లకి. వేయొద్దు."

విన్న మనిషి కాదంటే ఆగిపోవాల్సిందే. అది వాళ్ల పద్ధతి. వచ్చే శుక్రవారం దాకా ఆ పేజీలు ఆపిస్తానని మాత్రం లక్ష్మీదుర్గ అనగలిగింది. సంజీవమ్మ మామా కారు వచ్చే వేళయిందని లేచి వెళ్లిపోయింది. ఉమ్మడి పెట్టె సగం సర్ది అలాగే ఉండిపోయింది. ఎర్ర దారం కట్టిన పాలపొడి డబ్బా నేల మీద నిలబడి ఉంది.

*

బరువు అనేది కాటా మీద పెడితే దిగిపోయేదని గంగారత్నం అనుకుంటూ వచ్చింది. ఈసారి దిగలేదు. శనివారం ఒక పెట్టె కట్టి ఊపి చూస్తే లోపల చప్పుడయింది. విప్పి మళ్లీ కట్టింది. ఈ పొద్దు నీ చెయ్యి బరువుగా ఉండాది అన్న మాట చెవిలో ఉంది. సాయంత్రం చేతులు కడుక్కుంటూ తన చేతులను తనే చూసుకుంది. టేపు కోసుకున్న గీతలు, మార్కరు మరకలు. కళ్లు లేని మనిషి ఎవరైనా పట్టుకుంటే ఇవి ఎవరివని చెబుతుందో.

సోమవారం అల్ రాయ్ గోడౌన్‌కు వెళ్లింది. కంటైనరుకు సరుకు ఎక్కిస్తున్న రోజు. బండివాడు మలుపులో తొందరపడి ఒక పెట్టెను గుద్దాడు. అట్ట చిరిగి సామాను నేల మీద పడింది. ఉమ్మడి పెట్టె అది. మూత మీద నలుగురైదుగురు ఆడవాళ్ల పేర్లున్నాయి. భీమేశ్వరరావు బండివాణ్ని నాలుగు తిట్టి, వంగి ఒక దుప్పటి తీశాడు.

"ఇది వీళ్లల్లో ఎవరిదే రత్నం?"

"మనకెలా తెలుస్తుందండీ," అంది ఆవిడ. "బయటివాళ్లకి అందరిదీను. ఎవరిదో వాళ్లకి తెలుసు."

అని, అలాగే నిలబడిపోయింది. దుప్పటికి కట్టిన నీలం దారం ఆయన వేళ్ల మధ్య వేలాడుతోంది. ఆవిడ చిరిగిన మూత చేతిలోకి తీసుకుని చూసింది. ఇన్నేళ్లుగా తనే రాస్తున్న పేర్లు. పక్కపక్కన, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఏ పేరు కింద ఏ వస్తువుందో చెప్పని పేర్లు.

సామాను కొత్త పెట్టెలోకి మార్చమని భర్తకు అప్పగించి, బయట నీడలోకి వచ్చి లక్ష్మీదుర్గకు ఫోను చేసింది. దొంగ పేర్లు ఎవరికీ వద్దు, అసలు పేర్లు కథల కింద వద్దు. కథల కింద ఏమీ రాయకండి. మొదటి పేజీలో మాత్రం అందరి అసలు పేర్లూ ఒక్కచోట వేయండి, ఉమ్మడి పెట్టె మీద వేసినట్టు. పేరు ఉంటుంది, ఏది ఎవరిదో తెలియదు. ముసలమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, పేరు మార్చడమూ ప్రతి ఇంట్లోనూ ఉంది. సంజీవమ్మనడిగి కుసుమ అన్న పేరొక్కటి తీసేస్తే, ఓబులేసు కాదు, ఓబులేసు తాత వచ్చినా ఇది సంజీవమ్మదే అని చెప్పలేడు.

 అప్పుడు లక్ష్మీదుర్గ ఒకటి అడిగింది. ఏ కథ ఎవరిదో తెలియకపోతే, ఏ మామాకైనా ప్రతి కథా తన పనిమనిషిదే అనిపించవచ్చు కదా పిన్నిగారండీ? ఒక్క సంజీవమ్మ మీదుండే బరువు అందరి మీదా పడుతుంది కదా?

నిజమే. గంగారత్నం ఆ సంగతి చూసుకోలేదు. లాభం ఎవరికో పోయి, ముప్పు మాత్రం అందరికీ సమంగా వచ్చే ఒప్పందానికి వ్యాపారంలో ఎవరూ సంతకం పెట్టరు. పెట్టమని అడిగే ముఖం తనకు లేదు.

"అడిగి చూద్దాం," అంది, అడుగుతానని తనకే నమ్మకం లేకుండా.

*

శుక్రవారం దుకాణం నిండింది. వారంలో మాట పాకినట్టుంది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. సంజీవమ్మ తన డబ్బా తీసుకుపోదామని వచ్చి, జనాన్ని చూసి గడప దగ్గరే ఆగింది. గంగారత్నం ఆమెను లోపలికి పిలిచి కాటా పక్కన కూర్చోబెట్టింది.

తరవాత సంగతి చెప్పింది. సరుకులో లోపం దాచి అమ్మడం ఆవిడకు తెలియదు గనక, ముప్పు ముందు చెప్పింది. పేరు ఇస్తే ఏ మామాకైనా అనుమానం రావచ్చు, రాకపోవచ్చు. ఇవ్వకపోయినా తప్పు లేదు, ఎవరి సంసారం వాళ్లది. పేర్లు ఎంత తక్కువుంటే ఒక్కొక్కరి మీద బరువు అంత ఎక్కువ. తిరుపతిలో ఆ సంస్థ పెద్దావిడ, చెప్పినవాళ్లు సరేనంటే తమకూ సరేనందట. అంతే.

చెప్పడం అయిపోయింది. గంగారత్నం ఎదురుచూసింది. ఒకరిద్దరు ముఖాలు తిప్పుకుంటారు, ఒకరు ఫోను చూసుకుంటారు, మెల్లగా ఒక్కొక్కరే యల్లా, పోదాం అంటూ లేస్తారు. మనుషుల లెక్కలో ఆవిడ ఎప్పుడూ తప్పలేదు.

"నా పేరు రాయి," అంది కళావతి.

"నువ్వు కథే చెప్పలేదు కదే," అంది గంగారత్నం.

"కత లేకుంటే ఏమి. పెట్టెలో సామాను తక్కువైనోళ్ల పేరు రాయవా నువ్వు?"

మహబూబ్ బీ లేచి వచ్చింది. "పెద్ద అచ్చరాల్తో రాయక్కా నాది. మా మామా అద్దాలు లేకుండా సదవాల," అంది. వాళ్ల మామాకు తెలుగు రాదని ఎవరో గుర్తు చేశారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వెనకున్నవాళ్లు ముందుకు జరిగారు.

గంగారత్నం కొత్త పెట్టె ఒకటి తెరిచి, మూత ఒక్క కోతలో వేరు చేసి కాటా మీద పరిచింది. మార్కరు తీసింది. ఒక్కొక్కరే వచ్చి పక్కన వంగి పేరు చెప్పారు. కొందరు కువైట్ వచ్చాక ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి అన్నట్టు, ముందు గొంతు సవరించుకుని చెప్పారు. ఒకామె ఇంటిపేరుతో సహా చెప్పింది. ఒకామె తన పేరుతో పాటు, తనకు ముందు ఆ ఇంట్లో పనిచేసిన మనిషి పేరు కూడా రాయమంది. ఆమె ఎవరో తెలియకపోయినా, ఇన్నేళ్లు వాడుకున్నాను కదా అంది. ఎందుకు, ఏమిటి అని గంగారత్నం ఎవరినీ అడగలేదు. ఆవిడ చెయ్యి రాస్తోంది గానీ, ఆవిడ లెక్క మాత్రం ఎక్కడో ఆగిపోయింది. వీళ్లకు రాబడి లేదు. వడ్డీ లేదు. అయినా వస్తున్నారు.

చివరన సంజీవమ్మ వచ్చింది. గంగారత్నం ఆమె పేరు రాసి మార్కరు ఎత్తింది. సంజీవమ్మ చదువుకోలేదు. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, చివరి దాకా మెల్లగా జరిపింది.

"ఇదేనా?"

"అదే."

"ఇంత పొడుగుండాదా నా పేరు."

వేలికి తడి సిరా అంటింది. తుడుచుకోలేదు.

పద్ధతి పద్ధతే గనక లక్ష్మీదుర్గ అట్ట ముందు కూర్చుని పేర్లన్నీ పైకి చదివింది. ఎవరి పేరు రాగానే వాళ్లు ఊఁ అన్నారు. మహబూబ్ బీ పేరు చదివి, దాని కింద పేరు దగ్గర ఆమె గొంతు ఆగింది. తలెత్తి చూసింది. గంగారత్నం అటు తిరిగి, సగంలో ఉండిపోయిన ఉమ్మడి పెట్టెలో పాలపొడి డబ్బా చుట్టూ దుప్పటి చుడుతోంది.

"గంగారత్నం," అని చదివింది లక్ష్మీదుర్గ.

"ఊఁ," అంది గంగారత్నం, వెనక్కి తిరగకుండా.

ఈ మూతనే ఫోటో తీసి తిరుపతికి పంపితే మొదటి పేజీలో ఇలాగే, ఈ రాతతోనే అచ్చు వేస్తారని లక్ష్మీదుర్గ చెప్పింది. ఫోను ఎత్తి చూసి, ఒక చిక్కుందంది. ఫ్రమ్ దగ్గర మొదలైన పేర్లు మూతంతా నిండిపోయాయి. పైన మాత్రం టు అన్న అచ్చక్షరాలు, వాటి ఎదురుగా ఖాళీ. అది బాగుండదు, పై అంచు కత్తిరించేద్దామా అని అడిగింది.

గంగారత్నం వచ్చి చూసింది. ఇన్నేళ్లలో ఆ చోటు ఖాళీగా ఉన్న మూత ఆవిడ చూడలేదు. ముందు రాసేది అక్కడే. చెయ్యి అలవాటు కొద్దీ మార్కరు మూత తీసింది.

"ఎవరికి అని రాయనమ్మా?" అని సంజీవమ్మను అడిగింది.

సంజీవమ్మ సిరా అంటిన వేలును చూసుకుంది. దుకాణంలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఎవురు ఇప్పితే వాళ్లకి," అంది.

గంగారత్నం వంగి, లారీవాడికి దూరం నించే కనబడేంత పెద్ద అక్షరాల్లో ఆ మాటే రాసింది.